పోస్టల్ ఉద్యోగి తరఫున ఆర్బిట్రేషన్‌లో వాదించడం: ఫైలు తెరిచిన రోజు నుంచి తీర్పు అమలు దాకా

"స్టీవార్డ్‌గా నాలుగేళ్లు చేశాను, ఇప్పుడు ఆర్బిట్రేషన్ కేసు చేతిలో పెట్టారు. ఎక్కడ మొదలుపెట్టాలి?" అమెరికా పోస్టల్ సర్వీసులో పనిచేసే మనవాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. స్టీవార్డ్ అంటే పనిచేసేచోట యూనియన్ ప్రతినిధి. ఆర్బిట్రేషన్ అంటే యూనియన్‌కు, యాజమాన్యానికి మధ్య వివాదాన్ని తటస్థ వ్యక్తి, అంటే ఆర్బిట్రేటర్, విని తీర్పు చెప్పడం. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నాను.

అడ్వకేట్ అనగానే మనకు నల్లకోటు గుర్తొస్తుంది. ఇక్కడ అలా కాదు. చాలా కేసుల్లో యూనియన్ తరఫున కూర్చునేది నిన్నటిదాకా సంచీ మోసి ఉత్తరాలు పంచిన క్యారియరే. ఎదురు బల్ల దగ్గర యాజమాన్యం తరఫున ఉండేదీ ఎక్కువగా శిక్షణ తీసుకున్న మరో ఉద్యోగే. కాబట్టి లా డిగ్రీ లేదని టెన్షన్ పడక్కర్లేదు. ఫైలు చదవకుండా వెళ్తే మాత్రం పడాల్సిందే.

ఉదాహరణలన్నీ సిటీ క్యారియర్ల యూనియన్ ఎన్‌ఏఎల్‌సీ ఒప్పందం నుంచి తీసుకున్నాను. క్లర్కుల ఏపీడబ్ల్యూయూ, మెయిల్ హ్యాండ్లర్లు, రూరల్ క్యారియర్ల ఒప్పందాల్లో మెట్ల పేర్లు, గడువులు వేరుగా ఉంటాయి. మీ ఒప్పందం ప్రతి పక్కన పెట్టుకుని చదవండి.

1. ముందు తేదీలు చూడండి

కథ తర్వాత. గ్రీవెన్స్, అంటే ఒప్పందం ఉల్లంఘించారని వేసే ఫిర్యాదు, ఆర్బిట్రేషన్‌కు ముందు కొన్ని మెట్లు దాటి వస్తుంది: సూపర్‌వైజర్‌తో మాటగా ఇన్‌ఫార్మల్ స్టెప్ ఎ, లిఖితంగా ఫార్మల్ స్టెప్ ఎ, ఇరుపక్షాల జట్టు చూసే స్టెప్ బి. ఫైలు తెరవగానే ఒక తెల్లకాగితం తీసుకుని తేదీలు రాయండి.

- ఉద్యోగికి గానీ యూనియన్‌కు గానీ విషయం తెలిసిన, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి 14 రోజుల్లో ఇన్‌ఫార్మల్ స్టెప్ ఎ చర్చ జరిగిందా?
- అక్కడ తేలకపోతే 7 రోజుల్లో ఫార్మల్ స్టెప్ ఎ కి వెళ్లారా?
- అక్కడి నుంచి 7 రోజుల్లో స్టెప్ బి కి అప్పీలు చేశారా?
- స్టెప్ బి జట్టు ఇంపాస్ (తేల్చలేకపోయామని) ప్రకటించాక 14 రోజుల్లో ఆర్బిట్రేషన్‌కు అప్పీలు వెళ్లిందా?

ఎక్కడైనా ఆలస్యం కనిపిస్తే వెంటనే చేతులెత్తేయకండి. గడువు దాటిందన్న అభ్యంతరాన్ని యాజమాన్యం ఫార్మల్ స్టెప్ ఎ లో గానీ, ఆలస్యం జరిగిన మెట్టులో గానీ, రెండింటిలో ఏది తర్వాతదైతే అక్కడ లేవనెత్తాలి. అప్పుడు నోరు మెదపకుండా విచారణ రోజున తీస్తే ఆ అభ్యంతరం చెల్లదు. కాబట్టి పాత మెట్ల కాగితాల్లో యాజమాన్యం రాసుకున్న వాదనలన్నీ వెతకండి. అక్కడ ఆ మాట లేకపోతే మీకు ఊపిరి ఉన్నట్టే.

ఇంకో మూడు ఉచ్చులు. 90 రోజుల ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగిని తొలగిస్తే ఆ తొలగింపు మీద గ్రీవెన్స్ దారి లేదు. మాజీ సైనికులకిచ్చే ప్రిఫరెన్స్ ఉన్న ఉద్యోగికి, తొలగింపు లాంటి పెద్ద చర్యల మీద ఫెడరల్ ఉద్యోగుల అప్పీళ్లు వినే మెరిట్ సిస్టమ్స్ ప్రొటెక్షన్ బోర్డుకు వెళ్లే హక్కు కూడా ఉంది. దాని గడువు 30 రోజులు. కానీ అక్కడికి వెళ్తే ఇక్కడి ఆర్బిట్రేషన్ దారి మూసుకుపోవచ్చు. వివక్ష జరిగిందని ఫిర్యాదు చేయాలనుకుంటే 45 రోజుల్లో ఈఈఓ (సమాన ఉద్యోగావకాశాల) కౌన్సెలర్‌ను కలవాలి. ఆ గడియారం మన గ్రీవెన్స్ కోసం ఆగదు. వీటిలో ఏ దారి తీసుకున్నారో ఉద్యోగిని మొదటి ఫోన్‌లోనే అడగండి.

2. ఫైలును మూడుసార్లు చదవండి

నా లెక్కలో ఆర్బిట్రేషన్‌లో గెలుపు ఓటములు చాలావరకు ఫార్మల్ స్టెప్ ఎ లోనే తేలిపోతాయి. కింది మెట్లలో పెట్టని సాక్ష్యాన్ని, చెప్పని వాదనను ఆర్బిట్రేటర్ ముందు కొత్తగా తీయడం కుదరదు. రెండు వైపులా ఇదే నియమం. అడ్వకేట్ చేతికి వచ్చేసరికి వంట సామాను వచ్చేసింది. ఉన్నదానితోనే వండాలి.

మొదటిసారి కథలా చదవండి. పెన్ను పట్టుకోకండి.

రెండోసారి కాలక్రమం రాయండి. తేదీ, గంట, ఎవరు, ఏం జరిగింది, ఏ పేజీలో ఉంది. ఈ చివరి గడి మానేస్తే విచారణ రోజున కాగితాల్లో చేతులు తడుముకుంటూ ఉంటారు. నా మొదటి కేసులో అదే జరిగింది. ఆర్బిట్రేటర్ గడియారం చూసుకుంటుంటే క్లాక్ రింగ్స్ (పని మొదలు, ముగింపు సమయాల రికార్డు) కాగితం కోసం ఫైలంతా తిరగేశాను. దొరికింది, కానీ అప్పటికి నేను చెప్పదలచుకున్న మాట వేడి చల్లారిపోయింది.

మూడోసారి యాజమాన్యం తరఫు మనిషిలా చదవండి. మన కేసులో మీకే చిరాకు తెప్పించే కాగితం ఏది? దానికి జవాబు ఫైలులో ఉందా?

ఫైలులో ఉండాల్సినవి:

- గ్రీవెన్స్ ఫారం 8190, ప్రతి మెట్టులో ఇరుపక్షాల వాదనలు
- క్రమశిక్షణ లేఖ, దానికి ముందు జరిగిన ఇంటర్వ్యూ నోట్సు
- యూనియన్ సమాచారం కోరుతూ పెట్టిన అర్జీలు, వాటికి వచ్చిన, రాని జవాబులు
- క్లాక్ రింగ్స్, స్కానర్ రికార్డులు, సెలవు ఫారం 3971, అదనపు సమయం కోరే ఫారం 3996
- సాక్షుల లిఖిత వాంగ్మూలాలు, సంతకం, తేదీతో

సమాచార అర్జీలను తేలిగ్గా తీసుకోకండి. ఒప్పందంలోని ఆర్టికల్ 17, ఆర్టికల్ 31 కింద స్టీవార్డుకు కాగితాలు చూసే హక్కు ఉంది. అడిగినా ఇవ్వకుండా, విచారణ రోజున అదే కాగితాన్ని యాజమాన్యం బల్ల మీద పెడితే, మీ అర్జీ ప్రతే మీ అభ్యంతరం. అడిగినట్టు రుజువు లేకపోతే ఆ ఆయుధం లేదు.

3. ఇష్యూ రాయండి, తర్వాత ముగింపు వాదన రాయండి

వరుస తప్పింది అనుకోకండి. ముగింపు వాదనే ముందు రాయాలి. చివర్లో ఏం చెప్పాలో తెలిస్తేనే ఏ సాక్షి కావాలో, ఏ ప్రశ్న అడగాలో తెలుస్తుంది. ముగింపులో వాడని ప్రశ్నను అడగకండి.

ఇష్యూ, అంటే ఆర్బిట్రేటర్ తేల్చాల్సిన ప్రశ్న, క్లుప్తంగా ఉండాలి. "ఫలానా తేదీ నాటి 14 రోజుల సస్పెన్షన్‌కు న్యాయమైన కారణం ఉందా? లేకపోతే పరిహారం ఏమిటి?" అంతే. సూపర్‌వైజర్ తీరు బాగోలేదు, స్టేషన్‌లో వాతావరణం చెడిపోయింది లాంటివన్నీ ఇందులో కలిపితే ఆర్బిట్రేటర్‌కు దారి తప్పుతుంది. ఆయన అధికారం ఒప్పందంలోని నిబంధనల వరకే. వాటిని మార్చడానికి, కొత్తవి చేర్చడానికి వీల్లేదు. అందుకే ప్రతి వాదన కింద ఒక ఆర్టికల్ నంబరు రాసుకోండి. నంబరు దొరకని వాదన సానుభూతి కోసమే పనికొస్తుంది.

4. క్రమశిక్షణ కేసు అయితే ఆరు ప్రశ్నలు

క్రమశిక్షణ కేసుల్లో రుజువు భారం యాజమాన్యానిదే. మొదట మాట్లాడేది వాళ్లే. ఆర్టికల్ 16 ప్రకారం క్రమశిక్షణ దిద్దడానికి ఉండాలి, దండించడానికి కాదు. న్యాయమైన కారణం ఉందో లేదో తేల్చడానికి ఇరుపక్షాలు కలిసి రాసుకున్న మాన్యువల్, అందరూ జేకామ్ అని పిలిచేది, ఆరు ప్రశ్నలు ఇస్తుంది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ కేటాయించండి.

ఒక ఊహా కేసు తీసుకుందాం. క్యారియర్ పొద్దున 3996 మీద గంట అదనపు సమయం అడిగాడు. సూపర్‌వైజర్ అరగంట ఇచ్చాడు. క్యారియర్ గంట తీసుకుని తిరిగొచ్చాడు. "ఆదేశం పాటించలేదు, అనుమతి లేని ఓవర్‌టైమ్" అని 7 రోజుల సస్పెన్షన్ లేఖ.

ఒకటి, నియమం ఉందా, ఉద్యోగికి తెలుసా? ఆదేశం పాటించాలన్న నియమం ఉంది. ఇక్కడ వాదించి పరువు పోగొట్టుకోకండి. మనకు పనికొచ్చే నియమం కూడా ఉందని చూపండి. పని సమయానికి పూర్తికాదు అనుకుంటే యాజమాన్యానికి నోటితో చెప్పాలని, 3996 నింపాలని క్యారియర్ల హ్యాండ్‌బుక్ ఎం-41 చెబుతుంది. అతను రెండూ చేశాడు.

రెండు, నియమం సమంజసమా? సాధారణంగా అవుననే ఒప్పుకుని ముందుకు వెళ్లండి.

మూడు, అందరికీ ఒకేలా అమలవుతోందా? అదే వారంలో ఇంకెవరైనా ఆలస్యంగా వచ్చారా, వాళ్లకు లేఖలు ఇచ్చారా? ఇది చెప్పేవాళ్లే రుజువు చూపాలి. "అందరూ చేస్తారండీ" అంటే చాలదు. మిగతా రూట్ల క్లాక్ రింగ్స్ ఫైలులో ఉండాలి.

నాలుగు, పూర్తి విచారణ జరిగిందా? నా అనుభవంలో ఎక్కువ లేఖలు కూలేది ఇక్కడే. లేఖ ఇచ్చేముందు ఉద్యోగిని అడిగారా? అతను చెప్పిన కారణాన్ని ఎవరైనా పరిశీలించారా? ఆ రోజు మెయిల్ ఎంత, పార్సెళ్లు ఎన్ని, వాన పడిందా, రూట్‌లో ఏదైనా ఆటంకం వచ్చిందా? సూపర్‌వైజర్ కంప్యూటర్ అంచనా చూపించి కూర్చుంటే ఒక మాట గుర్తుంచుకోండి. డాయిస్ ప్రోగ్రాం వేసే అంచనా ఒక్కటే క్యారియర్ తిరిగొచ్చే సమయాన్ని తేల్చే ఆధారం కాదని ఇరుపక్షాలు జాతీయ స్థాయిలో ఒప్పుకున్నాయి. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలు చదివితే చాలు, లేఖ ముందే టైపు చేసి తర్వాత పిలిచారో, నిజంగా తెలుసుకోవడానికి పిలిచారో తెలిసిపోతుంది.

ఐదు, శిక్ష తప్పుకు తగినదేనా? పాత రికార్డు చూడండి. పాత శిక్ష తర్వాత రెండేళ్లపాటు కొత్త చర్య ఏదీ మొదలుకాకపోతే, ఆర్టికల్ 16.10 ప్రకారం పాతదాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. లేఖలో ఉదహరించిన పాత శిక్షలకు తేదీలు వేసి చూసుకోండి. ఇంకా గ్రీవెన్స్‌లో ఉన్నవి, తగ్గించినవి, రద్దయినవి కూడా లేఖల్లో దూరిపోతుంటాయి.

ఆరు, చర్య వెంటనే తీసుకున్నారా? వారాలు గడిచాక వచ్చిన లేఖకు ఆ ఆలస్యం ఎందుకో చెప్పాల్సింది వాళ్లే.

వీటితో పాటు ఆర్టికల్ 16.8. సస్పెన్షన్ గానీ తొలగింపు గానీ సూపర్‌వైజర్ ఒక్కడే వేయడానికి లేదు. పై అధికారి ముందుగా పరిశీలించి ఒప్పుకోవాలి. కొత్త అడ్వకేట్లు హెచ్చరిక లేఖల మీద కూడా ఇదే వాదన తెస్తుంటారు. ఆ నిబంధన సస్పెన్షన్, తొలగింపులకే. తప్పు చోట వాడితే మీ మిగతా వాదనల మీద కూడా నమ్మకం సడలుతుంది.

5. ఒప్పంద ఉల్లంఘన కేసు అయితే

ఓవర్‌టైమ్ పంపకం, సెలవుల నిరాకరణ, పని వేరేవాళ్లకు ఇవ్వడం లాంటి కేసుల్లో భారం మనది. మొదట మాట్లాడేదీ మనమే. ఏ మాట ఉల్లంఘించారు, ఏ రోజుల్లో, ఎవరికి ఎన్ని గంటల నష్టం అన్నది పట్టిక వేసి చూపించాలి. ఆర్టికల్ 19 ద్వారా హ్యాండ్‌బుక్‌లు, మాన్యువల్స్ కూడా ఒప్పందంలో భాగమే, కాబట్టి అక్కడి పేరా నంబరు దాకా వెళ్లండి. లెక్క లేకుండా వెళ్తే "ఉల్లంఘన నిజమే, నష్టం రుజువు కాలేదు" అన్న తీర్పు చేతిలో పెట్టుకుని వస్తారు. గెలిచి ఓడడం అంటే అదే.

6. సాక్షులను సిద్ధం చేయండి, వల్లె వేయించకండి

ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబితే ఒక్కరిని తీసుకెళ్లండి.

- ఎవరు మాట్లాడతారు, ఎందుకు అన్నది ముగింపు వాదనతో సరిపోల్చుకోండి.
- సాక్షికి తన లిఖిత వాంగ్మూలం మళ్లీ చదివించండి. నోటి మాటకు, కాగితానికి తేడా వస్తే ఎదుటివాళ్లకు పండగే.
- అవతలి వాళ్లు అడిగే ప్రశ్నలు మీరే గట్టిగా అడిగి చూడండి.
- "తెలియదు", "గుర్తు లేదు" అనడం తప్పు కాదని చెప్పండి.
- అడిగినదానికే జవాబు, ఆపై మౌనం.

గ్రీవెంట్‌తో, అంటే ఎవరి తరఫున గ్రీవెన్స్ వేశామో ఆ ఉద్యోగితో, విడిగా కూర్చోండి. వాళ్లకు కోపం ఉంటుంది, అవమానం ఉంటుంది. అదంతా మీ ముందు వెళ్లగక్కనివ్వండి, విచారణ గదిలో కాదు. తప్పు కొంత ఉంటే ఒప్పుకోమనండి. "అవును, ఆ రోజు ఫోన్ చేసి చెప్పాల్సింది" అన్న ఒక్క మాట, అంతా బుకాయించే అరగంట కన్నా మేలు చేస్తుంది. తొలగింపు కేసుల్లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆర్బిట్రేటర్ తేల్చుకునేది ఈ మనిషిని మళ్లీ పనిలోకి పంపవచ్చా అన్నది కూడా.

7. రాజీ మాట వస్తే

విచారణకు ముందు రోజు, కొన్నిసార్లు అదే పొద్దున కారిడార్‌లో, రాజీ మాట వస్తుంది. వినడానికి మొహమాటం వద్దు. కానీ ముందే ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి: గెలిస్తే వచ్చేది, ఓడితే పోయేది, ఒప్పుకోగలిగిన కనిష్ఠం. గ్రీవెంట్‌కు వివరంగా చెప్పి, వాళ్ల మాట విని, నోట్సు రాసుకోండి. నిర్ణయం యూనియన్‌దే అయినా, ఏకపక్షంగా, దురుద్దేశంతో, వివక్షతో వ్యవహరిస్తే న్యాయమైన ప్రాతినిధ్యం బాధ్యత తప్పినట్టే. అమెరికా సుప్రీంకోర్టు 1967లోనే ఈ గీత గీసింది.

రాజీ పత్రంలో చూడాల్సినవి: రికార్డులోంచి లేఖ ఏ తేదీకి తీసేస్తారు, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఈ రాజీని ఇంకో కేసులో ఉదహరించవచ్చా లేదా.

8. విచారణ రోజు వరుస

ముందు ఇష్యూ మీద, జాయింట్ ఎగ్జిబిట్ల (ఇరుపక్షాలూ కలిసి పెట్టే కాగితాల) మీద ఒప్పందం కుదుర్చుకోండి. మామూలుగా మొదటిది జాతీయ ఒప్పందం, రెండోది గ్రీవెన్స్ ఫైలు. తర్వాత ఆరంభ వాదన, భారం ఉన్నవాళ్ల సాక్షులు, ఎదుటి వాళ్ల సాక్షులు, ముగింపు.

ఆరంభ వాదన ఐదు నిమిషాలు దాటకూడదు. నిరూపించలేని మాట అందులో పెట్టకండి. ఆర్బిట్రేటర్ దాన్ని రాసుకుంటారు, చివర్లో వెతుకుతారు.

ఎదుటివాళ్లు కొత్త వాదన తీసిన క్షణమే అభ్యంతరం చెప్పండి. "ఈ వాదన ఫార్మల్ ఎ లో గానీ స్టెప్ బి లో గానీ లేదు, ఫలానా పేజీలు చూడండి." అంతే, ఉపన్యాసం వద్దు. అభ్యంతరాన్ని పక్కన పెట్టి వింటామని ఆర్బిట్రేటర్ అనవచ్చు. అలాగైతే మీ అభ్యంతరం రికార్డులో ఉండేలా చూసుకుని, ముగింపులో మళ్లీ గుర్తు చేయండి.

మీ కేసు ఎక్స్‌పెడైటెడ్ (త్వరిత) విచారణ అయితే తీరు వేరు. లిఖిత బ్రీఫులు ఉండవు, తీర్పు 48 గంటల్లో వస్తుంది, దాన్ని తర్వాతి కేసులకు ఉదాహరణగా వాడరు. ముగింపు వాదన అక్కడే నోటితో చెప్పాలి. ముందే రాసుకున్నవాళ్లకు అప్పుడు చల్లగా ఉంటుంది.

9. అడ్డు ప్రశ్నలు: తక్కువ, చిన్నవి

ఇక్కడ చెడగొట్టుకునేవాళ్లే ఎక్కువ. సినిమా కోర్టు సీన్లు బుర్రలో తిరుగుతుంటాయి. సూపర్‌వైజర్‌ను నిలబెట్టి అరిస్తే వచ్చేది ఆర్బిట్రేటర్ విసుగే.

జవాబు అవును, కాదు అని వచ్చే ప్రశ్నలే అడగండి. ప్రతి ప్రశ్న వెనక ఒక కాగితం ఉండాలి.

"ఆ పొద్దున 3996 మీకు ఇచ్చారు కదా?" అవును. "దాని మీద కారణం రాసి ఉంది కదా?" అవును. "ఆ కారణాన్ని రూట్ మీదికి వెళ్లి మీరు చూడలేదు?" లేదు. "ఇంటర్వ్యూలో పార్సెళ్ల సంఖ్య గురించి అడగలేదు?" లేదు.

ఇక్కడ ఆగిపోవాలి. ఐదో ప్రశ్నగా "ఎందుకు అడగలేదు?" అని నోరు జారామా, పది నిమిషాల వివరణ వస్తుంది, అంతవరకు కట్టిన గోడ కూలుతుంది. "ఎందుకు" అన్న మాటను ముగింపు వాదనకు దాచుకోండి.

సస్పెన్షన్‌ను ఆమోదించిన అధికారి సాక్షిగా వస్తే, సంతకం పెట్టేముందు ఏయే కాగితాలు చూశారో ఒక్కొక్కటిగా అడగండి. మౌనం మీకు సాక్ష్యం.

10. పరిహారం అడగడం మర్చిపోకండి

ఇంతా చేసి "న్యాయం చేయండి" అని ముగించేవాళ్లను చూశాను. ఏం కావాలో అంశాల వారీగా చెప్పండి.

- లేఖ రద్దు, రికార్డుల నుంచి తొలగింపు
- పోయిన జీతం, పోయిన ఓవర్‌టైమ్ అవకాశం, సెలవులు, ప్రయోజనాలు
- సస్పెన్షన్, తొలగింపు కేసుల్లో బ్యాక్ పే (పోయిన కాలానికి ఇచ్చే జీతం) మీద వడ్డీ
- అమలుకు గడువు, అమలులో వివాదం వస్తే ఆర్బిట్రేటర్ కేసును తన దగ్గరే ఉంచుకోవడం

తొలగింపు కేసు మొదలైన రోజే గ్రీవెంట్‌కు ఒక మాట చెప్పాలి. బ్యాక్ పే కావాలంటే వేరే పని కోసం ప్రయత్నించినట్టు చూపించాలి. మొదటి 45 రోజులకు ఈ షరతు వర్తించదు, ఆ తర్వాత వర్తిస్తుంది. దరఖాస్తులు, ఈమెయిళ్లు, తేదీలు అన్నీ ఒక కవరులో దాచమనండి. తీర్పు వచ్చాక గుర్తు తెచ్చుకుని రాసిన జాబితాకు విలువ తక్కువ.

11. తీర్పు వచ్చాక

మామూలు కేసుల్లో రికార్డు ముగిసిన 30 రోజుల్లో తీర్పు ఇవ్వాలన్నది ఒప్పందంలోని మాట. అది ఇరుపక్షాలకూ తుది తీర్పు. నచ్చలేదని పై కోర్టుకు వెళ్లి మళ్లీ సాక్ష్యాలు తూకం వేయించడం కుదరదు.

గెలిస్తే అదే రోజు గ్రీవెంట్‌తో ఫారం 8038 నింపించే పని మొదలుపెట్టండి. బ్యాక్ పే లెక్కకు ఉద్యోగి ఇచ్చే వాంగ్మూలం అదే. దానితో పాటు ఆ కవరులోని కాగితాలు జత చేయండి. ప్రతి ఒక్కటీ ఇచ్చిన తేదీ వేసి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఓడితే తీర్పును స్టీవార్డుతో కలిసి చదవండి. ఫైలులో ఏ కాగితం లేనందుకు ఓడామో గుర్తించి, ఆ స్టేషన్‌లో తర్వాతి గ్రీవెన్స్‌కు అదే కాగితం అడిగే అర్జీ నమూనా రాసివ్వండి.

గెలిచినా డబ్బు రాకపోవడం, లేఖ రికార్డులోనే ఉండిపోవడం అరుదేమీ కాదు. తీర్పు అమలు చేయకపోవడం దానంతటదే కొత్త ఉల్లంఘన. దానికి విడిగా గ్రీవెన్స్ వేయాలి, ఆ గడువు కూడా 14 రోజులే.